గోడెక్కని పోస్టర్లే మిగిలాయి

ట్వంటీఫోర్ షీట్ అన్న మాట మన సినిమా పబ్లిసిటీ వాళ్లకి కొత్తేమీ కాదు. ఫ్లెక్సీలు రాకముందు వాల్ పోస్టర్లని సిక్స్ షీట్, ట్వంటీఫోర్ షీట్ అని లెక్క చెప్పుకోవడం మామూలే. అదే లెక్క అమెరికా రోడ్ల మీదా ఉండేది. అక్కడి హోర్డింగులకి అంటించే 24 షీట్ పోస్టర్ అడ్డం పందొమ్మిదిన్నర అడుగులు, నిలువు 8 అడుగుల 8 అంగుళాలు. మొదట్లో నిజంగానే 24 కాగితాలు పక్కపక్కన అంటించేవాళ్లు. ప్రెస్సులు పెద్దవయ్యాక కాగితాలు పదికి అటూఇటూగా తగ్గాయి, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1969 నుంచి 1970ల నడిమి దాకా ఇంత పెద్ద కాగితాల మీద సెవెనప్ కంపెనీ వేయించిన ప్రకటనల కోసం ఇవాళ్టికీ కొందరు గాలిస్తూ ఉంటారు. ఇంద్రధనుస్సులు, సీతాకోకచిలుకలు, పువ్వులు, మబ్బుల వెనక నుంచి లేచే సూర్యుళ్లు, వాటి మధ్య ఒక ఆకుపచ్చ సీసా. హిప్పీల కాలపు సైకెడెలిక్ బొమ్మలు, అంటే మత్తులో కనిపించినట్టుండే జిగేలు రంగుల మెలికల బొమ్మలు, ఒక కూల్‌డ్రింక్‌కి పనిచేసిన రోజులవి.

ఈ సేకరణలో మొదటి చిక్కు కొలతతోనే. స్టాంపులు ఆల్బమ్‌లో పడతాయి, గ్రామఫోన్ రికార్డులు బీరువాలో పడతాయి. పందొమ్మిదిన్నర అడుగుల కాగితం మామూలు ఇంట్లో ఏ గోడకీ పట్టదు. మడతల్లో అటక మీదో మంచం కిందో ఉంటుంది. సొంత బొమ్మని పూర్తిగా ఒక్కసారైనా చూడకుండానే ఏళ్లు గడిచిపోవచ్చు. రెండో చిక్కు ఇంకా విచిత్రమైనది. రోడ్డు మీద జనం చూసిన కాగితం ఒక్కటీ మిగల్లేదు. మిగిలినవన్నీ గోడెక్కనివే. ఈ రెండో సంగతి తెలియకపోతే ఈ పోస్టర్ల ధరలూ, వాటి చుట్టూ జరిగే మోసాలూ, వాటి కోసం పడే పాట్లూ ఏవీ అర్థం కావు. దాని దగ్గరికి వెళ్లేముందు ఈ బొమ్మలు ఎందుకు పుట్టాయో కాస్త చెప్పుకోవాలి.

1929లో, అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలడానికి కాస్త ముందు, సెయింట్ లూయిస్ నగరంలో చార్లెస్ లీపర్ గ్రిగ్ ఒక నిమ్మ సోడాని అమ్మకానికి పెట్టాడు. దాని పేరు ‘బిబ్-లేబుల్ లిథియేటెడ్ లెమన్-లైమ్ సోడా’. కొట్టుకెళ్లి ఈ పేరు చెప్పి ఒకటివ్వమని అడగడం ఎవరి తరం? కొన్నాళ్లకే అది సెవెనప్ అయింది. పేరులో లిథియం ఊరికే లేదు. మానసిక జబ్బులకి మందుగా వాడే లిథియం లవణం 1948 దాకా నిజంగానే ఆ సోడాలో ఉండేది. ఇలాంటి పుట్టుక వల్లనో ఏమో, సెవెనప్‌ని జనం కడుపులో బాగాలేనప్పుడు తాగే సోడాగానూ, విస్కీలో కలుపుకునే సోడాగానూ చూశారు. దాహం వేస్తే గుర్తొచ్చేవి కోక్, పెప్సీ. కూల్‌డ్రింక్ అంటే నల్లగానే ఉండాలన్నది తిరుగులేని అలవాటైపోయింది.

1967లో జె. వాల్టర్ థామ్సన్ ప్రకటనల ఏజెన్సీ చికాగో ఆఫీసు ఆ అలవాటునే అస్త్రంగా వాడుకుంది. సెవెనప్‌కి ‘ది అన్‌కోలా’ అని పేరు పెట్టింది. ఇంగ్లీషులో ‘అన్’ అంటే కానిది. అనవసరం, అనర్హుడు అనేటప్పుడు మనం పలికే ‘అన్’ కూడా అదే పని చేస్తుంది కాబట్టి ఈ మాట తెలుగు చెవికి పెద్ద ఎబ్బెట్టుగా ఉండదు. ‘మేమూ ఒక కూల్‌డ్రింకే’ అని బతిమాలే బదులు, అందరూ తాగేది కానిది మేము అని చెప్పుకోవడం అందులో ఎత్తుగడ. వియత్నాం యుద్ధానికీ, పెద్దవాళ్ల పద్ధతులకీ ఎదురు తిరుగుతున్న కుర్రకారుకి ‘కానిది’ అనే మాటే తీపి. ఒక్క మాటతో కోక్‌ని పెద్దవాళ్ల పక్కకి నెట్టేశారు. ఆ మాటని ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయబోతే కోకా-కోలా అభ్యంతరం చెప్పింది. వివాదం అప్పీలు కోర్టు దాకా వెళ్లి 1974లో సెవెనప్‌కే అనుకూలంగా తేలింది. తమ పేరులోని కోలాని ఎదుటివాడు ‘కాదు’ అనడానికి వాడుకుంటుంటే కోక్‌కి ఒళ్లు మండడం సహజమే.

పేరు దొరికింది, ఇక దానికో రూపం కావాలి. అది శాన్ ఫ్రాన్సిస్కోలో సిద్ధంగానే ఉంది. 1966, 67ల్లో ఫిల్మోర్, అవలాన్ హాళ్లలో జరిగిన రాక్ కచేరీలకి వెస్ విల్సన్, విక్టర్ మొస్కొసో, రిక్ గ్రిఫిన్, స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ పోస్టర్లు తయారుచేశారు. విల్సన్ అక్షరాలు వేడికి కరిగి సాగుతున్న మైనంలా ఉంటాయి. వాటి మూలం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వియన్నాలో ఆల్ఫ్రెడ్ రోలర్ రాసిన అక్షరాల్లో ఉంది. రంగుల శాస్త్రాన్ని యేల్ యూనివర్సిటీలో చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర చదువుకున్న మొస్కొసో, పక్కపక్కన పెట్టకూడదని నేర్చుకున్న రంగుల్నే పక్కపక్కన పెట్టి కళ్లు జిగేల్మనేలా చేశాడు. ఇవి తేలిగ్గా చదవడానికి చేసినవి కావు. స్తంభం దగ్గర నిలబడి తంటాలు పడితే తప్ప ఎవరి కచేరీయో, ఏ తారీఖునో తెలియదు. తెలిసినవాడు మావాడు, తెలియనివాడు దారిన పోయేవాడు అన్నట్టు ఉండేది వ్యవహారం.

ఆ పద్ధతిని రోడ్డు మీదికి యథాతథంగా తేవడం కుదరదు. గంటకి 60 మైళ్ల వేగంతో వెళ్లే కారు సెకనుకి 88 అడుగులు దాటేస్తుంది. 500 అడుగుల దూరం నుంచి బోర్డు కనిపించినా చదవడానికి దొరికేది ఆరు సెకన్లకన్నా తక్కువ. అందుకే సెవెనప్ హోర్డింగుల్లో రంగులూ మెలికలూ సైకెడెలిక్, అక్షరాలు మాత్రం బుద్ధిమంతులు. నాలుగైదు మాటలకి మించవు. బొమ్మల తీరు కూడా ఫిల్మోర్ పోస్టర్లకన్నా న్యూయార్క్‌లో 1954లో మొదలైన పుష్ పిన్ స్టూడియో వాళ్లకీ, 1968లో బీటిల్స్ కార్టూన్ సినిమాకి బొమ్మల రూపం ఇచ్చిన హైన్జ్ ఎడెల్మన్‌కీ దగ్గరగా ఉంటుంది. గట్టి అంచులు, నింపాదిగా పరిచిన రంగు, ఎక్కడా భయపెట్టని ఊహ. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందుని కాలిఫోర్నియా నిషేధించింది 1966 అక్టోబరులో. మూడేళ్లు తిరిగేసరికి ఆ మత్తు పేరు మీద పుట్టిన రంగులు పిల్లలు తాగే సోడా కోసం దేశమంతా రోడ్ల పక్కన నిలబడ్డాయి. తిరుగుబాటుని కంపెనీ కాజేసిందని కోప్పడేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. అయినా బొమ్మలు బొమ్మలుగా బాగుంటాయి. అప్పటికి అమెరికా రోడ్ల మీద ఉన్న సిగరెట్టు, టైరు ప్రకటనలతో పోలిస్తే ఇవి పండగే.

బొమ్మలన్నీ ఒక్కరి చేతివి కావు. రకరకాల చిత్రకారులకి పని పంచారు. వాళ్లలో సేకరణదారులు ఎక్కువగా తలుచుకునే పేరు చికాగోకి చెందిన పాట్ డైపోల్డ్. మగవాళ్ల రాజ్యంగా ఉన్న ఆ రంగంలో తొలి హోర్డింగుల్లోనే పేరు తెచ్చుకున్న మహిళ ఆమె. 1969లో ఆమె చేసిన ‘లైక్ నో కోలా కెన్’ హోర్డింగులో మాటల చమత్కారం కూడా ఉంది. ‘కెన్’ అంటే చేయగలగడం, టిన్ డబ్బా కూడా. ఏ కోలా చేయలేనిది అనీ, ఏ కోలా డబ్బా కానిది అనీ రెండు విధాలా చదువుకోవచ్చు. ఇలాంటి మాటల ఆట అన్‌కోలా ప్రకటనలకి ఇష్టమైన పని.

ఇక గోడెక్కని కాగితం సంగతి. సెవెనప్ కంపెనీ అమ్మేది సోడా సారం మాత్రమే. దాన్ని కొని, సోడా చేసి, సీసాల్లో నింపి అమ్మేది ఊరూరా ఉన్న బాట్లింగ్ వ్యాపారులు. ప్రకటన బొమ్మ పైనుంచి వస్తుంది, ఊళ్లో హోర్డింగుల జాగా తీసుకోవడంలో స్థానిక వ్యాపారి చెయ్యి ఉంటుంది. జాగా సాధారణంగా ముప్ఫై రోజులకి. వానకి తడిసి, గాలికి చిరిగి పాడైతే మార్చడానికని ప్రెస్సులో అవసరానికన్నా కొన్ని సెట్లు ఎక్కువ అచ్చు వేసేవాళ్లు. నెలాఖరుకి మరో కంపెనీ పోస్టర్ పాతదాని మీదే పడేది. అలా పొరల మీద పొరలు పేరుకుని అట్టలా తయారైతే మొత్తం గీకి పారేసేవాళ్లు. అలా అంటించిన పోస్టర్ వేళ్లకి దక్కే ప్రశ్నే లేదు. పైగా ఆ కాలానికి కాగితాలని ముందే జిగురులో నానబెట్టి, తడిగా ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి మనుషుల చేతికిచ్చే పద్ధతి వచ్చింది. ఒకసారి జిగురు తగిలిన సెట్టు వాడాల్సిందే, లేకపోతే చెత్తబుట్టే గతి.

కాబట్టి మిగిలినవి చిరుగుల కోసం అచ్చు వేసి, చిరుగులు పడక వాడని సెట్లు. లేదా వ్యాపారి తెప్పించుకుని అంటించడం మరిచిపోయినవి. బాట్లింగ్ ప్లాంట్ల గోడౌన్లు, హోర్డింగ్ కంపెనీల షెడ్లు, మూతపడ్డ ప్రెస్సులు, రిటైరైన సేల్స్‌మన్ గ్యారేజీలు: ఇవే వాటి చిరునామాలు. వ్యాపారి బద్ధకం చరిత్రకి ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి ఈ ఒక్క విషయం చాలు. పని చురుగ్గా జరిగిన ఊళ్లలో ఒక్క కాగితమూ మిగల్లేదు.

అలాంటి కట్ట ఒకటి చేతికొస్తే ముందు నిరాశే కలుగుతుంది. దినపత్రికల కట్టలా మడతలు, పైన తెల్లటి వెనక వైపు, అంచుల్లో పసుపు. కాగితాలు అంటించే వరసలో సర్దిపెట్టి ఉంటాయి. మొదటిది విప్పితే చేటంత ఆకుపచ్చ మచ్చ, దాని మీద నారింజ రంగు వంపు. అది సీతాకోకచిలుక రెక్కో, మబ్బో, సీసా భుజమో ఆ కాగితం ఒక్కటే చూసి చెప్పడం కష్టం. ఒక అంచున బొమ్మ లేని పట్టీ ఉంటుంది, పక్క కాగితం దాని మీదికి ఎక్కడానికి. చేతి భూతద్దం పెడితే రంగు మచ్చ చుక్కలుగా విడిపోతుంది. ఎరుపు, నీలం, పసుపు, నలుపు చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా గుమిగూడి ఉంటాయి. హోర్డింగులో ఈ చుక్కలు పుస్తకంలోకన్నా బాగా పెద్దవి. వంద అడుగుల నుంచి చూసే కంటికి సన్న చుక్కలతో పని లేదు. ఆ చుక్కలు కనిపిస్తే ఆఫ్‌సెట్ ముద్రణ. చుక్కల వరస లేకుండా పొగ చల్లినట్టు సన్నటి తుంపర కనిపిస్తే అది ఈమధ్య ఇంక్‌జెట్‌లో వేసింది. ఇన్ని వేలు పోసి కొనేవాడు ముందు ఒక చిన్న భూతద్దం కొనుక్కోవడం మంచిది.

నకిలీల గురించి ఒక మాట చెప్పాలి. 1978కి ముందు అమెరికాలో కాపీరైట్ గుర్తు లేకుండా ప్రచురించిన వాటికి రక్షణ పోయేది. ఆ కాలపు ప్రకటనలు ఎన్నో అలా అందరి సొత్తయ్యాయి. ఏ బొమ్మ మీద ఆ గుర్తుందో, దేని మీద లేదో విడిగా చూసుకోవాలి. పైగా కంపెనీ పేరు, ముద్ర ట్రేడ్‌మార్కులుగా వేరే రక్షణలో ఉంటాయి. కాబట్టి కొత్త ముద్రణ అంతా దొంగతనం కాదు. కొత్తదాన్ని పాతదని అమ్మడమే దొంగతనం. పూర్తి 24 షీట్‌కి నకిలీ చేయడం ఖర్చుతో కూడిన పని, కాబట్టి ఎక్కువ మోసం జరిగేది చిన్న పోస్టర్లలో, రేకు బోర్డుల్లో. చిత్రకారుడి పేరు తగిలించి ధర పెంచడం ఇంకో రకం. రంగురంగుల సూర్యుడు కనబడగానే పీటర్ మాక్స్ అనేసే అమ్మకందారులు ఉంటారు. ఆ తరంలో బాగా పేరున్నవాడు ఆయనే కాబట్టి. ఏజెన్సీ కాగితాల్లోనో, ముద్రిత ఆధారంలోనో పేరు లేనంతవరకు ఆ మాటకి విలువ ఇవ్వనక్కర్లేదు.

పెద్ద కాగితానికి చోటు లేనివాళ్లు చిన్నవాటితో సరిపెట్టుకుంటారు. అదే బొమ్మలతో దుకాణాల అట్ట బోర్డులు, చిన్న పోస్టర్లు వచ్చాయి. అన్‌కోలా గ్లాసు మరీ సరదా. కోక్ గ్లాసు పైన వెడల్పై కింద సన్నబడుతుంది కదా, దాన్ని తలకిందులు చేసి అడుగు ఉండాల్సిన చోట మూతి పెట్టారు. 1970ల్లో టీవీలో ట్రినిడాడ్‌లో పుట్టిన నర్తకుడు జెఫ్రీ హోల్డర్ తెల్ల సూటు వేసుకుని, కోలా గింజలు ఇవీ, అన్‌కోలా గింజలు ఇవీ అంటూ నిమ్మకాయల్ని చూపించి పకపకా నవ్వేవాడు. వీటి వేట సులువు, జేబుకీ భారం కాదు. నిజం చెప్పాలంటే చాలామందికి ఆ గ్లాసు చాలు. 24 షీట్ కొనుక్కోవడం సరదా కాస్తా పిచ్చిగా మారినవాళ్ల పని.

ఆ పిచ్చికి తగ్గ శ్రమ ఉంది. హోర్డింగ్ కాగితం నెల రోజులు నిలిస్తే చాలని చేసింది. చవక గుజ్జులోని ఆమ్లం కాగితాన్ని లోపలి నుంచే తినేస్తుంది. మడత దగ్గర ముందు పెళుసవుతుంది. వెలుగు తగిలితే ఎరుపూ పసుపూ ముందు వెలసి, నీలమూ నలుపూ మిగిలి బొమ్మకి జ్వరం వచ్చినట్టు పాలిపోతుంది. సైకెడెలిక్ పోస్టర్‌లో ఎరుపు పోతే ఇంకేం మిగిలింది? నిపుణులు ఆమ్లం తీసేసి, గోధుమ గంజి జిగురుతో పల్చటి జపాన్ కాగితం మీదికీ, దాని వెనక గుడ్డ మీదికీ ఎక్కిస్తారు. ఆ గంజి అవసరమైతే నీళ్లతో మళ్లీ వదిలిపోతుంది కాబట్టి తప్పు జరిగినా దిద్దుకోవచ్చు. వేడితో అతికించే ఫిల్ములకి ఆ వీలు లేదు, అతికిస్తే అతికించినట్టే. పదికి పైగా కాగితాల్ని కలిపి ఒకే గుడ్డకి ఎక్కించాలా, విడివిడిగా ఎక్కించాలా అన్నది సేకరణదారుల్లో తెగని వాదన. కలిపితే బొమ్మ పూర్తవుతుంది, కానీ గోడౌన్‌లో దొరికినప్పటి కట్టగా దాని ఆనవాలు చెరిగిపోతుంది. పైగా కలిపిన దాన్ని చుట్టి పెట్టడానికి లావుపాటి గొట్టం, అది పట్టే గది కావాలి. విడివిడిగా ఎక్కించి పెట్టెల్లో దాచడమే తెలివైన పని అనిపిస్తుంది. గుడ్డకి ఎక్కించడం అంటే అంటించడమే. యాభై ఏళ్లు గోడని తప్పించుకున్న కాగితాన్ని చివరికి మనమే అంటించినట్టవుతుంది.

వ్యక్తుల దగ్గర కాకుండా సంస్థల దగ్గర ఉన్నది వేరే రకం. జె. వాల్టర్ థామ్సన్ ఏజెన్సీ పాత కాగితాలు డ్యూక్ యూనివర్సిటీలో ప్రకటనల చరిత్ర కోసం ఉన్న హార్ట్‌మన్ సెంటర్‌కి చేరాయి. ఒక బొమ్మ ఎందుకు వేశారో, ఎవరిని మెప్పించాలనుకున్నారో తెలుసుకోవాలంటే అలాంటి దస్తావేజులే దిక్కు. కాగితం చేతిలో ఉన్న సేకరణదారుకి ఆ కథ తెలియదు, కథ ఉన్నచోట పందొమ్మిదిన్నర అడుగుల కాగితం ఉండనక్కర్లేదు. ఆ యూనివర్సిటీ ఉన్న డర్హమ్‌కి పక్కనే కేరీ, మారిస్‌విల్ ఊళ్లలో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. వారాంతం గుడి, బిర్యానీ సెంటర్ల మధ్య ఇలాంటి చోటు కూడా ఒకటుందని గుర్తుపెట్టుకోవచ్చు.

మన దగ్గర ఈ బొమ్మలు ఎప్పుడూ గోడెక్కలేదు. సెవెనప్ కంపెనీని 1978లో సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్ కొంది. 1986లో అమెరికా బయట హక్కులు పెప్సీకి వెళ్లాయి. మనకి ఆ పానీయం పెప్సీతోపాటు 1990ల్లో వచ్చింది, నిక్కబొడుచుకున్న జుట్టున్న ఫిడో డిడో బొమ్మతో. అమెరికాలో అన్‌కోలా ముగిసే కాలానికి ఇక్కడ 1977లో కోక్ దేశం వదిలి వెళ్లడం, థమ్సప్ రావడం జరుగుతున్నాయి. రామచంద్రపురం ఆర్టోస్ లాంటి ఊరి సోడాలు తమ ప్రాంతంలో తాము అమ్ముడవుతున్నాయి. మన హోర్డింగులు ఎక్కువగా చేత్తో రేకు మీదా, గుడ్డ మీదా గీసినవి. కొత్త బొమ్మ కావాలంటే పాతదాని మీదే రంగు పూసేవాళ్లు. అదనంగా అచ్చు వేసిన సెట్టు అనేదే ఉండదు, కాబట్టి గోడౌన్‌లో మర్చిపోవడానికి ఏమీ మిగల్లేదు. కాగితం వాడిన సినిమా వాల్ పోస్టర్లకి మాత్రం ఈ సూత్రమే వర్తిస్తుంది. ఇవాళ చేతులు మారుతున్న పాత సిక్స్ షీట్లు థియేటర్‌కి చేరి గోడ దాకా వెళ్లనివే.

పూర్తి 24 షీట్ బొమ్మని చూడాలంటే బాస్కెట్‌బాల్ కోర్టు లాంటి నేల కావాలి. చెప్పులు విప్పి, కాగితాల్ని అంకెల వరసలో పరచాలి. అంచు మీద అంచు ఎక్కించాలి, జిగురు లేకుండా. గాలి తగలకుండా ఫ్యాన్లు ఆపాలి. నేల మీద నిలబడితే రంగుల మడుగులో నిలబడ్డట్టే ఉంటుంది, బొమ్మ తెలియదు. నిచ్చెన ఎక్కి పైనుంచి చూస్తే అప్పుడు కనిపిస్తుంది సీసా. నాలుగు ఫొటోలు తీసుకుని, కిందికి దిగి, చివరి కాగితం నుంచి మొదటి దాకా అదే వరసలో మళ్లీ మడత పెట్టుకోవాలి.